వాంతులు, విరేచనాలు: ఇంట్లో ఎంతవరకు చూడాలి, దవాఖానాకు ఎప్పుడు పోవాలి?



ఇంట్లో ఒకరికి వాంతులు, విరేచనాలు మొదలైతే మన ఇళ్లలో రెండు రకాలుగా జరుగుతుంది. కొందరు మొదటి విరేచనానికే భయపడి గ్లూకోజు ఎక్కించమని పరుగెత్తుతారు. ఎక్కువమంది మాత్రం 'ఏదో తిన్నది పడలేదు, రేపటికి తగ్గుతుంది' అని ఊరుకుంటారు. రేపటికి తగ్గకపోతే 'హైదరాబాద్ పోదాం, అక్కడ మనవాళ్లున్నారు, మన భాషలో చెప్పుకోవచ్చు' అంటారు. మొదటి దాంట్లో డబ్బు దండగ. రెండో దాంట్లో ప్రాణానికే ముప్పు రావచ్చు, ముఖ్యంగా పసిపిల్లలకు, ముసలివాళ్లకు.

నేను డాక్టరును కాను, ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన గుమాస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, మన ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఏళ్ల తరబడి చెబుతున్న సూచనలను మన ఇళ్లకు పనికొచ్చేలా ఒకచోట చేర్చి సంఘం తరఫున రాస్తున్నాను. మీ డాక్టరు మీ మనిషిని చూసి వేరే చెబితే ఆయన మాటే వినండి.

అసలు ఈ జబ్బు ఏమిటి?

రోజుకు మూడు సార్లు లేదా అంతకంటే ఎక్కువ నీళ్లలా విరేచనం అయితే దాన్ని అతిసారం అంటారు. దీనికి కారణం చాలాసార్లు వైరస్. పెద్దల్లో, పిల్లల్లో ఎక్కువగా కనిపించేది నోరోవైరస్. పసిపిల్లలను ఎక్కువగా బాధపెట్టేది రోటావైరస్. నోరోవైరస్ సోకిన 12 నుంచి 48 గంటల్లో వాంతులు మొదలవుతాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. రోటావైరస్ వారం దాకా ఉండవచ్చు.

వైరస్‌ను చంపడానికి ఇక్కడ మాత్ర లేదు. యాంటీబయాటిక్‌లు వైరస్ మీద పనిచేయవు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే 'మోషన్లు కట్టే మాత్ర' చిన్నపిల్లలకు అసలు వేయకూడదు. జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం పడుతున్నా పెద్దలు కూడా వాడకూడదు.

అయితే మనిషికి ప్రమాదం ఎక్కడ? ఒంట్లోని నీరు, ఉప్పు బయటికి పోవడంలో ఉంది. అందుకే 'ఎన్నిసార్లు అయింది' అనే లెక్క ఒక్కటే చాలదు. ఎన్ని నీళ్లు లోపల నిలుస్తున్నాయి, మూత్రం వస్తోందా లేదా అనేది అసలు లెక్క. పదిసార్లు విరేచనం అయినా ద్రవం తాగి నిలుపుకుంటూ, మూత్రం పోస్తూ, మాట్లాడుతున్న మనిషి కొంత నయం. నాలుగు సార్లే అయినా పొద్దున్నుంచి మూత్రం రాని పిల్లవాడి పరిస్థితి అంతకంటే ప్రమాదం.

ఇంట్లో మొదట చేయాల్సింది

ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంట్లో ఎప్పుడూ రెండు ఉండాలి. పెద్ద ప్యాకెట్‌ను ఒక లీటరు శుభ్రమైన నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి, కాబట్టి ప్యాకెట్ మీద ఎంత నీరు రాశారో చదవండి. పెద్ద ప్యాకెట్‌లోంచి చెంచాడు పొడి తీసి గ్లాసులో వేసుకోవడం మంచిది కాదు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని, తక్కువైతే పని చేయదు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోసి కొత్తవి కలుపుకోవాలి.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. పెద్దలు తాగగలిగినంత తాగాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టాలి. 'తాగింది కక్కేస్తున్నాడు, ఇక ఇవ్వడం ఎందుకు' అని ఆపేయడం సరికాదు. గటగటా తాగిస్తే కక్కే పిల్లవాడు రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పోస్తే చాలాసార్లు నిలుపుకుంటాడు.

ప్యాకెట్ దొరకని రాత్రి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, తలగొట్టి కొలవాలి. ఇది తెల్లారేదాకా పనికొచ్చే ఏర్పాటు మాత్రమే, తెల్లారగానే ప్యాకెట్ తెప్పించండి. ఉప్పు వేసిన గంజి, పలచని మజ్జిగ తోడుగా ఇవ్వవచ్చు. కూల్‌డ్రింకులు, పెట్టెల్లో వచ్చే పండ్ల రసాలు ఇవ్వవద్దు. వాటిలోని ఎక్కువ చక్కెర విరేచనాలను పెంచుతుంది.

లంఖణం పరమౌషధం అని మన పెద్దలు అన్నది నిజమే గానీ ఈ జబ్బులో పిల్లలకు అది వర్తించదు. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు. పెద్ద పిల్లలకు వాంతులు తగ్గగానే మెత్తని అన్నం, పెరుగన్నం, పెసరపప్పు కట్టు, అరటిపండు పెట్టవచ్చు. విరేచనాలున్న పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు జింకు మాత్ర 14 రోజులు ఇవ్వాలని మన ప్రభుత్వ ఆరోగ్య శాఖ చెబుతుంది. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్లకు 10. మోషన్లు ఆగినా కోర్సు పూర్తి చేయాలి. ఓఆర్ఎస్, జింకు ఆశా కార్యకర్తల దగ్గర, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు వాటిని అందించే కార్యక్రమం దేశంలో 2014 నుంచి నడుస్తోంది.

'ఈ ఉప్పు నీళ్లతో ఏమవుతుంది, సెలైన్ ఎక్కిస్తేనే బలం' అనేవాళ్లకు ఒక మాట. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. ఎక్కించడానికి సెలైన్ అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి తాగించారు. వందకు 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నాలుగు కంటే తక్కువకు దిగాయి. ఆయన పోయాక 2023లో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. తాగగలిగిన మనిషికి ఈ నీళ్లే సెలైన్. తాగలేని మనిషికి మాత్రం ఆలస్యం చేయకుండా దవాఖానాలో ఎక్కించాలి.

ప్యాకెట్ మీద పేరు చూసి మోసపోవద్దు

షాపులో 'ఓఆర్ఎస్ ఇవ్వండి' అంటే పండ్ల రుచితో తియ్యటి డబ్బా చేతిలో పెట్టే రోజులు మొన్నటి దాకా ఉండేవి. పేరులో ఓఆర్ఎస్ ఉంటుంది, లోపల మాత్రం చక్కెర ఎక్కువ, అవసరమైన ఉప్పు తక్కువ. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. అయినా మన జాగ్రత్త మనకు ఉండాలి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందని రాసి ఉందా లేదా చూసి కొనండి.

వెంటనే దవాఖానాకు పోవాల్సిన గుర్తులు

కింద రాసిన వాటిలో ఒక్కటి కనిపించినా తెల్లారనిద్దామని ఆగవద్దు. అర్ధరాత్రి అయినా బయలుదేరాలి.

మనిషి మగతగా ఉండి లేపినా సరిగా లేవకపోవడం, పొంతన లేకుండా మాట్లాడటం, ఫిట్స్ రావడం.

పిల్లవాడు పాలు, నీళ్లు తాగలేకపోవడం, చెంచాతో పోసినా అంతా కక్కేయడం.

పసిపిల్లలకు ఆరు గంటలుగా, పెద్ద పిల్లలకు, పెద్దలకు మెలకువగా ఉన్న ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం.

కళ్లు లోతుకు పోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, నోరు ఎండిపోవడం, పసిపిల్లల నడినెత్తి మీద మాడు లోపలికి దిగడం, చేతులు కాళ్లు చల్లబడటం.

పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మెల్లగా దిగితే నీరు తగ్గినట్టు. రెండు సెకన్లు దాటినా ముడతగానే నిలిస్తే ప్రమాదం. ముసలివాళ్ల చర్మం మామూలుగానే వదులుగా ఉంటుంది కాబట్టి వాళ్లలో ఈ పరీక్షను నమ్ముకోవద్దు.

వాంతిలో గానీ విరేచనంలో గానీ రక్తం పడటం, విరేచనం తారులా నల్లగా జిగటగా రావడం. పసిపిల్లలు ఆకుపచ్చగా కక్కడం.

బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు ఆగకుండా కావడం. అది కలరా కావచ్చు. కొన్ని గంటల్లోనే మనిషి పడిపోతాడు.

కడుపునొప్పి విడవకుండా ఉండటం, నొప్పి కుడివైపు కింది పొత్తికడుపులోకి చేరడం, కడుపు ఉబ్బి గట్టిపడటం. ఇది వైరస్ కాకుండా అపెండిసైటిస్ లాంటిది కావచ్చు.

అదే రోజు డాక్టరుకు చూపించాల్సినవాళ్లు

ఆరు నెలల లోపు శిశువుకు వాంతులు, విరేచనాలు మొదలైతే వేరే గుర్తు కోసం ఎదురు చూడనక్కరలేదు, అదే రోజు చూపించాలి. పెద్ద పిల్లల్లో 24 గంటలైనా తగ్గుముఖం లేకపోయినా, జ్వరం 102 డిగ్రీలకు చేరినా చూపించాలి. గర్భిణులు కూడా ఆగకూడదు.

ఇంట్లో పెద్దవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. వయసు పైబడిన కొద్దీ దాహం తెలియదు. నోరు ఎండుతున్నా 'నాకేం వద్దు బిడ్డా' అంటారు. దొడ్డికి లేవాల్సి వస్తుందని కావాలనే నీళ్లు తగ్గించేవాళ్లూ ఉన్నారు. పైగా మన ఇళ్లలో చాలామంది పెద్దలు షుగరు, బీపీ మాత్రలు వాడుతున్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు, కొన్ని బీపీ, షుగరు మాత్రలు మూత్రపిండాలకు భారం అవుతాయి. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు, అలాగని యథాప్రకారం వేస్తూ కూర్చోవద్దు. ఆ మాత్రలు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి లేదని సొంతంగా మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు చేయాలి. గుండె, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ఎంత ద్రవం తాగవచ్చో కూడా ఆయన్నే అడగాలి.

మిగతా ఆరోగ్యవంతులైన పెద్దలు రెండు రోజులైనా విరేచనాలు, వాంతులు తగ్గకపోతే, ఒక రోజంతా ద్రవం ఏదీ నిలవకపోతే, జ్వరం 102 దాటితే దవాఖానాకు పోవాలి.

హైదరాబాద్ కోసం ఆగవద్దు

మన కుటుంబాలకు హైదరాబాద్ వైపు చూడటం పాత అలవాటు, దానికి కారణమూ ఉంది. 1956 నవంబరు 1 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఆనాటి విభజనలో బీదర్ మైసూరు వైపు వచ్చింది, జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదక్ జిల్లాలో కలిశాయి. చుట్టాలు అటు, మనం ఇటు. పెద్ద జబ్బు అంటే ఇప్పటికీ కాలు అటే లాగుతుంది.

మోకాలి ఆపరేషన్‌కు, కంటి ఆపరేషన్‌కు తీరిగ్గా హైదరాబాద్ పోవచ్చు. నీరు పోయిన మనిషికి దారిలో గడిచే మూడు గంటలు చాలా ఎక్కువ. బండి మాట్లాడటం, డబ్బు సర్దుకోవడం, చుట్టాలకు ఫోన్లు చేయడం కలిపితే ఒక పూట పోతుంది. ఈ జబ్బుకు కావాల్సిన సెలైన్, పరీక్షలు బీదర్‌లోనే దొరుకుతాయి. కొల్హార్‌కు బీదర్ దగ్గరే. అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల బ్రిమ్స్ దవాఖానా ఉంది. బండి లేకపోతే 108కు ఫోన్ చేయండి. ముందు దగ్గరి దవాఖానాలో నీరు ఎక్కించి మనిషిని నిలబెట్టాలి. పెద్ద దవాఖానాకు పంపాలో వద్దో అక్కడి డాక్టర్లు చెబుతారు. దారిలోనూ, చీటీ కోసం వరుసలో ఉన్నప్పుడూ మనిషి మింగగలిగితే చెంచాతో ఓఆర్ఎస్ పోస్తూనే ఉండాలి.

భాష గురించి బెంగ పెట్టుకోవద్దు. కన్నడంలోనూ వాంతి, భేది అనే అంటారు. మూత్ర, రక్త, జ్వర అన్నా అర్థమవుతుంది. ఉర్దూలో అయితే ఉల్టీ, దస్త్, పేషాబ్, ఖూన్, బుఖార్. కొత్తగా కొల్హార్ పారిశ్రామిక వాడలో పనికి వచ్చి ఒంటరిగా గదుల్లో ఉంటున్న మన కుర్రాళ్లకు కూడా ఈ పది మాటలు చెప్పండి. జబ్బు పడితే వాళ్లను అడిగేవాళ్లు ఉండరు. పక్కింటి తెలుగువాళ్లుగా ఒకసారి తలుపు తట్టడం మన బాధ్యత.

ఒక కాగితం రాయండి

గుమాస్తాగా నాకు తెలిసిన పని కాగితం మీద పెట్టడమే. జబ్బు మొదలైన గంట నుంచి ఒక కాగితం తీసుకుని ఐదు గళ్లు గీయండి. టైము, వాంతి, విరేచనం, మూత్రం, తాగిన ద్రవం ఎంత. జరిగినప్పుడల్లా ఒక గీత పెట్టండి. కింద జ్వరం ఎంత ఉందో, మామూలుగా వాడే మాత్రల పేర్లు ఏమిటో, వేసిన మందు ఏదో రాయండి. రాత్రి ఒకరు, పగలు ఒకరు చూసుకునే ఇళ్లలో 'మూత్రం ఎప్పుడు వచ్చింది' అంటే ఎవరికీ సరిగా తెలియదు. కాగితం ఉంటే మూత్రం గడి ఎన్ని గంటలుగా ఖాళీగా ఉందో ఎవరికైనా కనిపిస్తుంది. డాక్టరు ఏ భాషవారైనా అంకెలు చదవగలరు.

మిగతావాళ్లకు సోకకుండా

నోరోవైరస్ చాలా కొద్దిపాటి చాలు, ఇల్లంతా పడుకుంటుంది. చేతికి రాసుకునే శానిటైజర్ దీని మీద సరిగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవడమే మార్గం. వాంతి పడిన చోటు తుడిచి బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. తగ్గాక కూడా రెండు రోజులు ఆ మనిషి ఇతరులకు వండకూడదు, వడ్డించకూడదు. మన ఉగాది విందులో, బతుకమ్మ ప్రసాదాల దగ్గర, పెళ్లి వంటల్లో ఈ నియమం తప్పకుండా పాటించాలి. 'ఒంట్లో బాగాలేదు, ఈసారి వంటకు రాను' అన్న అక్కచెల్లెళ్లను బలవంతం చేయవద్దు.

పసిపిల్లలకు రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాల్లో మూడు సార్లు ఉచితంగా వేస్తారు. ఈ టీకాల్లో ఒకటైన రోటావాక్‌ను తయారు చేసింది మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. జాతీయ టీకా కార్యక్రమంలో 2016లో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పుడు కర్ణాటకలోనూ ఇస్తున్నారు. మీ మనవళ్ల టీకా కార్డు ఒకసారి తీసి చూడండి.

చివరగా, ఒకే గల్లీలో రెండు మూడు ఇళ్లలో ఒకేసారి మొదలైతే అది నీళ్ల దోషం కావచ్చు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో తాగునీటిలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ అతిసారంతో ప్రాణాలు పోయాయి. అలాంటప్పుడు నీళ్లు కాచి తాగుతూ వెంటనే ఆశా కార్యకర్తకు, పంచాయతీకి లేదా నగరసభకు తెలపండి. సంఘానికీ ఒక మాట చెప్పండి, మిగతా ఇళ్లకు ఆ రోజే కబురు చేస్తాం.

ఇవాళే చేయాల్సిన పనులు మూడు. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చి పెట్టుకోండి. ఇంట్లో పెద్దలు వాడే మాత్రల పేర్లు ఒక చీటీ మీద రాయండి. అర్ధరాత్రి బండి తీసుకుని రాగల పక్కింటివారి ఫోన్ నంబరును అదే చీటీ కింద రాసి, అందరికీ కనబడే చోట అంటించండి.